లా ఫస్టియర్: సెక్షన్ల బట్టీ, మరికొన్ని అపోహలు

ఇంటర్నల్స్ పేపర్లు దిద్దిన ప్రతిసారీ నాకు ఇదే గొడవ. పదిహేడేళ్ల కుర్రాడు వాయిదాల మీద ఫోన్ కొన్నాడు, రెండు వాయిదాలు కట్టి ఆపేశాడు, మిగతా డబ్బు కోసం షాపువాడు దావా వేశాడు, గెలుస్తాడా? ఇదీ ప్రశ్న. జవాబులో ఒప్పందం చేసుకునే అర్హత ఎవరికుందో చెప్పే కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 11 కామాలతో సహా ఉంటుంది. అడక్కపోయినా సెక్షన్ 10 కూడా ఉంటుంది. ఆ కుర్రాడు మాత్రం ఎక్కడా కనపడడు. దావా ఏమైందో చెప్పకుండానే పేజీ అయిపోతుంది. పదికి మూడు వేస్తే, "అంతా కరెక్టుగానే రాశాను కదా మేడమ్" అని స్టాఫ్ రూమ్‌కి వస్తారు. నిజమే, రాసిందంతా కరెక్టే. అడిగింది ఒక్కటే రాయలేదు.

అపోహ: లా అంటే సెక్షన్లు బట్టీ పట్టడం. జ్ఞాపకశక్తి లేకపోతే ఈ చదువు రాదు.

మొదటి సెమిస్టర్లో ఎక్కువమందిని ముంచేది ఇదే. సినిమా కోర్టుల్లో లాయర్లు నంబర్లు గడగడా అప్పజెబుతుంటారు కాబట్టి బయటివాళ్లు అలా అనుకోవడంలో వింత లేదు. కానీ "రోజుకు పది సెక్షన్లు నోటికి పట్టు, పాసైపోతావ్" అని జూనియర్లకు చెప్పే సీనియర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నంబర్లే చదువైతే 2024 జూలై 1న దేశంలో క్రిమినల్ లాయర్లందరూ చదువు పోగొట్టుకునేవాళ్లు. ఆ రోజు ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు శిక్ష 302 నుంచి 103కి మారింది. అందరి నోళ్లలో నానిన 420 ఇప్పుడు 318లో ఉంది. అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కనుక కోర్టుల్లో రెండూ నడుస్తున్నాయి. అయితే మోసం చేసి, దురుద్దేశంతో ఒకరి చేత ఆస్తి ఇప్పించుకుంటే చీటింగ్ అన్న విషయంలో మార్పేమీ లేదు. అది అర్థమైనవాళ్లు కొత్త నంబరు వెతుక్కుని పనిలో పడ్డారు. ఇంకో మాట. ప్రాక్టీసు చేయడానికి రాయాల్సిన ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్‌కే నోట్స్ రాసుకోని బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) పట్టుకెళ్లనిస్తారు. ఇక బట్టీ ఎవరి కోసం?

మరి ఆ ఫోన్ కుర్రాడి సంగతి ఎలా రాయాలి? ముందు తేలాల్సింది ఏమిటో ఒక్క వాక్యంలో పెట్టండి: మైనర్‌తో చేసుకున్న ఒప్పందం మీద బాకీ వసూలు చేయొచ్చా? తర్వాత రూల్: మైనర్‌కు కాంట్రాక్టు చేసుకునే అర్హత లేదు, ఆ ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు. మొహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకు లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు) తేల్చింది ఇదే. తర్వాతే అసలు పని. ఫోన్ అతనికి నిత్యావసరమా? అయితే సెక్షన్ 68 కింద అతని ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు గానీ, వ్యక్తిగతంగా అతని మీద బాధ్యత పడదు. కాలేజీ కుర్రాడికి మామూలు ఫోన్ అవసరమని వాదించొచ్చు, ఖరీదైన మోడల్ అయితే కష్టం. అటా ఇటా అని మీరు తర్కించే ఆ నాలుగు లైన్లకే నేను మార్కులు వేసేది. చివర్లో షాపువాడు గెలుస్తాడో లేదో చెప్పేయండి. సెక్షన్ నంబరు గుర్తు రాకపోతే "కాంట్రాక్ట్ యాక్ట్ ప్రకారం" అని రాసి ముందుకెళ్లండి. తప్పు నంబరు వేయడం కంటే అదే నయం.

జ్ఞాపకశక్తి గురించి బెంగపడేవాళ్లలో ఉద్యోగం చేసి, పిల్లలు పెద్దయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరినవాళ్లే ఎక్కువ. అలాంటి ఒకాయన సెమిస్టర్ సగంలో మానేస్తానని నా దగ్గరకు వచ్చారు. చేతిలో నోట్‌బుక్, అందులో సెక్షన్లు ఒక్కొక్కటీ ఐదుసార్లు, చిన్నపిల్లలు కాపీ రాసినట్టు. "ఈ వయసులో ఎక్కట్లేదు మేడమ్, పక్కన కూర్చునే ఇరవై ఏళ్ల పిల్లలకు వచ్చేస్తోంది." పుస్తకం మూయించి ఈ ఫోన్ కథే చెప్పాను. కాసేపు ఆలోచించి, "వాడు పద్దెనిమిది నిండాయని అబద్ధం చెప్పి కొన్నాడనుకోండి, అప్పుడు?" అన్నారు. ఆ ప్రశ్న మీద కోర్టులే కుస్తీ పట్టాయి. మొహరీ బీబీలో మైనర్‌కు అప్పిచ్చినవాళ్ల ఏజెంటుకు అతని వయసు సంగతి ముందే తెలుసు, అందుకని మోసపోయామన్న వాదన నిలబడలేదు. నిజంగా మోసపోతే ఏం చేయాలన్నది 1928లో లాహోర్ హైకోర్టు ముందుకు వచ్చింది. పుచ్చుకున్నది తిరిగి ఇమ్మనొచ్చని అది తీర్పు చెప్పింది. ఆ దారే ఇప్పుడు స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 33లో ఉంది. గైడులో లేని ప్రశ్న దానంతటదే తట్టిన మనిషి చదువు మానేస్తానంటున్నారు! ఆయన మానలేదు. ఇప్పటికీ నంబర్లు మర్చిపోతారు, బేర్ యాక్ట్‌లో పెన్సిల్ గీతలు పెట్టుకుంటారు, అంతే.

కేసుల విషయంలోనూ ఇదే జబ్బు. కార్లిల్ కేసు అనగానే "లోకమంతటికీ ఇచ్చిన ఆఫర్" అని అందరూ రాస్తారు. స్మోక్ బాల్ అనే తమ మందు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామన్న కంపెనీ, అదే ప్రకటనలో బ్యాంకులో 1000 పౌండ్లు డిపాజిట్ చేశామని కూడా చెప్పింది. ఆ డిపాజిట్ ఎందుకు ముఖ్యమంటే నోరు మెదపరు. ఇదేదో ఉత్త గొప్పలు కాదు, మాట మీద నిలబడే ఉద్దేశం ఉందని జడ్జీలు తేల్చింది దాన్ని చూసే. కనీసం వారానికి ఒక తీర్పు అసలుది చదవండి. మొదట్లో ఒక్కో పేజీకి అరగంట పడుతుంది, టెన్షన్ పడకండి.

మిగతావి గబగబా. అటెండెన్స్ ఎవరూ చూడరట. బార్ కౌన్సిల్ 2008 నాటి రూల్స్‌లో 70 శాతం అని ఉంది, చదువుకోండి. ఇంగ్లిష్ దంచకపోతే లాయర్ కాలేరట. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో ఇంగ్లిషే, కాదనను. కింది కోర్టుల్లో అవతలి సాక్షిని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయాల్సింది ఎక్కువగా తెలుగులోనే. మూట్ కోర్టుకు, అంటే కాలేజీల్లో జరిగే ఉత్తుత్తి కోర్టు పోటీకి, మంచి గొంతు ఉంటే చాలట. మెమోరియల్ (ముందుగా రాసిచ్చే వాదన) సరిగా రాయకపోతే గొంతు ఏం చేస్తుంది?

ఇక లాలో చేరిన వారం నుంచీ బంధువులు మొదలుపెట్టేది: "మన స్థలం తగాదా కాస్త చూడరా, నువ్వు లాయరువేగా." కాదు. అడ్వొకేట్స్ యాక్ట్, 1961 ప్రకారం బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయినవాళ్లకే ప్రాక్టీసు హక్కు. ఆ హక్కు లేకుండా కోర్టులో ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల దాకా జైలు. ఇంట్లో కూర్చుని చట్టం గురించి మాట్లాడుకోవడం నేరమేమీ కాదు, కానీ ఫస్టియర్ చదువుతో నోటీసుకు జవాబు రాసిచ్చి గడువులు దాటబెట్టకండి. డబ్బు లేక మీ దగ్గరకు వచ్చారనుకుంటే 15100 నంబరు ఇవ్వండి, అది లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని పెడతారు.