తకేదా కోట: గైడుగా నేను తరచూ వినే అపోహలు

ఒసాకా, కోబే చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లనీ, ఇండియా నుంచి వచ్చిన వాళ్ల అమ్మానాన్నలనీ కోటలు చూపించడానికి తీసుకెళ్లడం నా పని. హిమేజీ కోట దగ్గర నాకు పెద్ద కష్టం ఉండదు, కట్టడమంతా కళ్లముందే నిలబడి ఉంటుంది. తకేదా దగ్గర అలా కాదు. హ్యోగో రాష్ట్రంలో అసాగో అనే ఊళ్లో 353.7 మీటర్ల కొండ, దాని మీద రాతిగోడలు. అంతే. కట్టడం లేనిచోట కథలు ఎక్కువ పుడతాయి. అందులో సగం వాట్సాప్ ఫొటోల కింద రాసినవే.

అపోహ: కొండెక్కితే మబ్బుల్లో తేలే కోట కనిపిస్తుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. పనిలో చేరిన కొత్తలో నవంబరులో ఒక కుటుంబాన్ని తెల్లారకముందే పైకి ఎక్కించాను. పదడుగుల అవతల మనిషి కనిపించలేదు. వాళ్లలో పెద్దావిడ శాలువా బిగించుకుని, "ఫ్రిజ్ తలుపు తీసి లోపల నిలబడ్డట్టుంది బాబూ, ఇంతకీ కోటెక్కడ?" అన్నారు. ఆవిడ చెయ్యి ఆనించింది కోటగోడకే.

కోట మబ్బుల్లో తేలుతున్నట్టు కనిపించే ఫొటోలు కోటలోంచి తీసినవి కావు. లోయకు అవతల, తూర్పు వైపు కొండ వాలులో రిత్సుఉన్‌క్యో అనే చోటు ఉంది, అక్కణ్నుంచి తీస్తారు. లోయలో మరుయామా నది పారుతుంది. చలి మొదలయ్యే రోజుల్లో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల గబగబా చల్లబడుతుంది, నీళ్లు మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. ఆ ఆవిరి చల్లగాలి తగిలి పొగమంచై లోయంతా నిండుతుంది. గాలి వీచిందా, చెదిరిపోతుంది. ఎండెక్కిందా, కరిగిపోతుంది. సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు మొదటి దాకా, ముందురోజు ఎండ బాగా కాసి రాత్రి చలి పెరిగితే అవకాశం ఎక్కువ. గ్యారంటీ మాత్రం నేనివ్వను, ఎవరిచ్చినా నమ్మకండి.

అపోహ: ఇవి 600 ఏళ్ల నాటి గోడలు.

కోట వయసు వేరు, గోడల వయసు వేరు. 1441లో అకమాత్సు మిత్సుసుకే అనే ప్రభువు షోగున్‌ను, అంటే జపాన్‌ను ఏలే సైన్యాధిపతిని, క్యోటోలోని తన ఇంటికి విందుకు పిలిచి చంపించాడు. అతణ్ని అణచినవాళ్లలో ముఖ్యుడు యమన సోజెన్. అకమాత్సుల హరిమా సీమ పక్కనే ఉంది కాబట్టి, అటువైపు కాపలాగా యమనలు ఈ కొండ మీద కోట కట్టించి ఒతగాకి వంశానికి అప్పగించారని చెబుతారు. 1443కల్లా పూర్తయిందంటారు.

అది మట్టికోట. కొండ నెత్తిని చదును చేసి, మట్టికట్టలు పోసి, వాలులో నిలువునా కందకాలు తవ్వారు. పైకి ఎగబాకే శత్రువు పక్కకు జరగలేకుండా ఈ నిలువు కందకాలు అడ్డుకుంటాయి. జపనీస్‌లో కోటకు రాసే అక్షరాన్ని విడదీస్తే ఒక ముక్క 'మట్టి', రెండో ముక్క 'అవడం'. బోర్డు మీద వేలు పెట్టి ఇది చూపిస్తే పిల్లలకు భలే నచ్చుతుంది.

1577లో హిదేయోషి, అంటే తర్వాత జపాన్‌ను ఏకం చేసిన సేనాని, తన తమ్ముడు హిదేనగాను ఈ సీమ మీదికి పంపి కోటను లాక్కున్నాడు. దగ్గర్లోనే ఇకునో వెండి గని ఉంది మరి. 1585లో కోట అకమాత్సు హిరోహిదే చేతికొచ్చింది. ఇప్పుడు మనం చూసే రాతిగోడలు ఆయన కాలంలోవి. ఎవరి మీద కాపలాకని కట్టారో, చివరికి ఆ వంశంవాడే కోటకు ప్రభువయ్యాడు.

అపోహ: యుద్ధంలో ఫిరంగులతో కూల్చేశారు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. ఈ రాతిగోడల మీద యుద్ధమే జరగలేదు. ఫిరంగులూ లేవు, రెండో ప్రపంచయుద్ధం బాంబులూ లేవు.

హిరోహిదే కత్తి ఒక్కటే తెలిసిన మనిషి కాదు. ఫుజివారా సేకా అనే పండితుడికి స్నేహితుడు. హిదేయోషి కొరియా మీదికి సైన్యాలు పంపినప్పుడు బందీగా పట్టుబడి వచ్చిన కాంగ్ హాంగ్ అనే కొరియా పండితుడి చేత కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలకు ప్రతులు రాయించాడు. స్వదేశానికి వెళ్లాక కాంగ్ హాంగ్ రాసిన పుస్తకంలో ఈయన గురించి మంచిమాటలే ఉన్నాయి. శత్రుదేశం బందీ చేత మెచ్చుకోలు పొందడం మామూలు విషయమా?

1600లో జపాన్‌ను ఎవరు ఏలాలో తేల్చిన సెకిగహారా యుద్ధమప్పుడు హిరోహిదే మొదట, ఇయేయాసు అనే ప్రభువుకు ఎదురు నిలిచిన పడమటి పక్షాన ఉండి తనాబే కోట ముట్టడికి వెళ్లాడు. ఆ పక్షం ఓడిపోయాక, గెలిచిన ఇయేయాసు వైపు తిరిగి, తొత్తోరి కోట మీద దాడిలో కలిశాడు. ఆ దాడిలో కోట కింది ఊరు తగలబడింది. నేరం హిరోహిదే మీద పడింది. ఇయేయాసు కడుపు కోసుకోమన్నాడు, ఆయన తొత్తోరిలోనే కోసుకున్నాడు. ప్రభువు పోయాడు, కోటను వదిలేశారు. లెక్కేస్తే ఆ గోడలు పనికొచ్చింది 15 ఏళ్లు కూడా కాదు.

అపోహ: సున్నం లేకుండా పేర్చిన గోడలు, ఎప్పుడైనా పడిపోతాయి.

సున్నం లేకపోవడమే వాటి బలం. ఓమి సీమలోని అనో ఊరి రాతిపనివాళ్ల పద్ధతి అది. రాయిని చెక్కరు, దొరికినట్టే పేరుస్తారు. మనకు కనిపించేది రాయి మొహం మాత్రమే, పొడవంతా గోడ లోపలికి ఉంటుంది. వెనకాల చిన్నరాళ్లు దట్టంగా నింపుతారు, వాననీళ్లు వాటిగుండా జారిపోతాయి. గోడ వెనక నీరు నిలవకపోతే గోడ ఉబ్బదు. మూల దగ్గర ఆగి చూడండి: పొడుగు రాయి ఒక వరుసలో ఎడమకు, పై వరుసలో కుడికి, వేళ్లు అల్లినట్టు మార్చి మార్చి పెట్టారు. సెల్ఫీకి అందరూ అక్కడే నిలబడతారు, మూల మాత్రం ఎవరూ చూడరు.

ఈ గోడలకు వానకంటే మన కాళ్లతోనే టెన్షన్. 2010ల మధ్యలో ఏడాదికి వచ్చేవాళ్లు 5 లక్షలు దాటారు. గడ్డి చచ్చి, మట్టి కొట్టుకుపోయి, పాతకాలపు పెంకు ముక్కలు పైకి తేలాయి. అందుకే ఇప్పుడు దారి పొడవునా పట్టలు పరిచి, తాళ్లు కట్టారు. తాడు దాటొద్దంటే నా మీద కోప్పడకండి.

'జపాన్ మచ్చు పిచ్చు' అన్న పేరు టూరిజం వాళ్లకు పనికొస్తుంది, అంతే. పెరూ దేశంలోని ఆ పాత కొండనగరం 2,400 మీటర్ల పైన ఉంది, ఇది తకేదా స్టేషన్ నుంచి 40 నిమిషాల నడక. రాజభవనం ఎక్కడని కూడా అడుగుతుంటారు. ఇలాంటి కొండకోటల్లో ప్రభువు మామూలుగా కాపురం ఉండేది కొండ కిందే.

దిగేటప్పుడు స్టేషన్ వెనకవైపు దారిలో రండి. వరసగా గుళ్లుంటాయి. వాటిలో హోజుజి అనే గుళ్లో హిరోహిదే స్మారక శిల ఉంది. నేను అక్కడ ఆగి ఆయన కథ మొదలుపెట్టేసరికి గ్రూపులో సగం మంది ఫోన్లలో రైలు టైము చూసుకుంటూ ఉంటారు. వాళ్లనీ అనలేను, ఆ లైన్లో ఒక రైలు తప్పితే ఇంకోటి వచ్చేదాకా చాలాసేపు కూర్చోవాలి.