ఏసీ చల్లబరచకపోతే, గీజరు కారిపోతే చట్టం ఏమంటుంది? అపోహలు - వాస్తవాలు

వినియోగదారుల కమిషన్లలో వాదించే న్యాయవాదిగా నా దగ్గరకు మార్చి నుంచి జూన్ దాకా ఏసీల ఫైళ్లు, చలి మొదలయ్యాక గీజర్ల ఫైళ్లు వస్తుంటాయి. వాటిలో చట్టం అనుకూలించక వీగిపోయేవి తక్కువ. ఏదో ఒక తప్పుడు నమ్మకంతో ఆరు నెలలో ఏడాదో గడిపేసి, చేతిలో సరైన కాగితం లేకుండా వచ్చేవే ఎక్కువ. లోపం యంత్రంలో ఉందా, బిగింపులో ఉందా, గోడలో ఉందా, కరెంటులో ఉందా అన్నది తేలితేనే ఎవరి మీద, ఎక్కడ ఫిర్యాదు చేయాలో తేలుతుంది. కింది అపోహల్లో చాలా వరకు ఆ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: "కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఉంది కాబట్టి అప్పటిదాకా ఏం పాడైనా కంపెనీదే బాధ్యత."

వాస్తవం: ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ఆ పదేళ్లు కంప్రెసర్ అనే ఒక్క భాగానికే వర్తిస్తాయి. మొత్తం యంత్రానికి వారంటీ సాధారణంగా ఒక ఏడాది. పీసీబీకి (యంత్రాన్ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు), కాయిల్‌కు (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి వేర్వేరు గడువులు ఉంటాయి. నాలుగో ఏట కంప్రెసర్ పోతే దాన్ని ఉచితంగా ఇస్తారు గానీ గ్యాస్ చార్జింగ్‌కు, రవాణాకు, టెక్నీషియన్ రాకకు డబ్బు అడుగుతారు. వారంటీ కార్డులో ఆ మినహాయింపు స్పష్టంగా రాసి ఉంటే దాన్ని కమిషన్ ముందు తప్పుపట్టడం కష్టం. అయితే "పదేళ్లూ అంతా ఫ్రీ" అని చెప్పి అమ్మి ఉంటే విషయం మారుతుంది, ఎందుకంటే వారంటీ గురించి తప్పుదోవ పట్టించేలా చెప్పడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య విధానాల కింద చేర్చింది. అందుకే సేల్స్‌మన్ నోటిమాటగా ఇచ్చిన హామీని కొన్న రోజే బిల్లు మీద రాయించుకోవాలి, లేదా కనీసం వాట్సాప్‌లో అడిగి జవాబు తెప్పించుకోవాలి.

అపోహ: "ఏసీలో గ్యాస్ ఏటా తగ్గుతుంది, ఏటా నింపించుకోవలసిందే."

వాస్తవం: ఇంత ఖరీదైన అపోహ మరొకటి లేదు. ఆర్-32 అయినా, ఆర్-410ఏ అయినా, పాత యంత్రాల్లోని ఆర్-22 అయినా రిఫ్రిజిరెంట్ మూసి ఉన్న వలయంలో తిరుగుతూ వేడిని లోపలి నుంచి బయటకు మోస్తుందే తప్ప పెట్రోలులా ఖర్చయిపోదు. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి చట్టపరమైన బాధ్యత ఒకరి మీద నుంచి మరొకరి మీదకు మారుతుంది. ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్లను కలిపే రాగి గొట్టాల చివర ఫ్లేర్ నట్టు సరిగా బిగించకపోతే అది బిగింపు లోపం, అంటే సేవాలోపం. కాయిల్‌లోనే సూదిమొన అంత రంధ్రాలు పడితే తయారీదారు జవాబు చెప్పాలి. అయితే విశాఖలో సముద్రం వైపు ఉన్న ఇళ్లలోనూ, మురుగుకాలువలను ఆనుకుని ఉన్న ఇళ్లలోనూ గాలిలోని లవణాలు, వాయువులు లోహాన్ని తినేస్తాయన్న వాదనను కంపెనీలు వెంటనే ముందుకు తెస్తాయి. అలాంటి చోట వారంటీలో తుప్పు గురించి ఏం రాశారో, ఆ ప్రాంతంలో అమ్మేటప్పుడు దాన్ని కొనుగోలుదారుకు చెప్పారో లేదో చూడవలసి ఉంటుంది.

ఏడాదిలో రెండోసారి గ్యాస్ తగ్గిందంటే నింపించుకుని ఊరుకోకండి. నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష చేసి లీకు ఎక్కడుందో జాబ్ షీట్‌లో, అంటే టెక్నీషియన్ చేసిన పని వివరాలు రాసే కాగితంలో రాయమని అడగండి. గ్యాస్ నింపిన ప్రతి రసీదూ లోపం తిరిగి తిరిగి వచ్చిందనడానికి సాక్ష్యమే.

అపోహ: "టెక్నీషియన్ ఐదుసార్లు వచ్చి చూశాడు, ఆ రికార్డంతా కంపెనీ దగ్గర ఉంటుంది."

వాస్తవం: రికార్డు ఉంటుంది, కానీ అందులో ఐదుసార్లూ "సమస్య పరిష్కరించబడింది" అనే ఉంటుంది. టెక్నీషియన్ వస్తాడు, ఫిల్టర్ కడుగుతాడు, పది నిమిషాలు నడిపిస్తాడు, "మీ ఫోనుకు ఓటీపీ వచ్చింది, చెప్పండి మేడమ్" అంటాడు. ఆ అంకెలు చెప్పగానే కంపెనీ కంప్యూటర్‌లో ఆ ఫిర్యాదు మీ ఒప్పుకోలుతో మూసివేసినట్టు నమోదవుతుంది. ఏడాది తర్వాత కంపెనీ న్యాయవాది కమిషన్ ముందు ఆ జాబితా పెట్టి, ప్రతిసారీ వినియోగదారు సంతృప్తి చెందారని వాదిస్తారు. ఆ టెక్నీషియన్ మీద నాకు కోపం లేదు, ఎందుకంటే ఫిర్యాదు మూయకపోతే అతని పనికి లెక్క ఉండదు. కానీ యంత్రం నిజంగా పనిచేస్తోందని తేలే వరకు ఓటీపీ ఇవ్వనవసరం లేదు. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, అదే రోజు కంపెనీ ఈమెయిల్‌కు "ఓటీపీ ఇచ్చాను గానీ గది చల్లబడటం లేదు" అని ఫిర్యాదు నంబరుతో సహా రాసి పంపండి.

జాబ్ షీట్ మీద గ్రిల్ దగ్గరి ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత, ఓల్టేజి, ఆంపియర్లు, గ్యాస్ ప్రెషర్ వంటి గడులు ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలేసి అడుగున సంతకం పెట్టమంటే పెట్టకండి. నింపించి, ఫోటో తీసుకుని, మీ సంతకం పక్కన మీ అభ్యంతరాన్ని తెలుగులోనే ఒక వాక్యంలో రాయండి. అలా అంకెలు నింపిన జాబ్ షీట్లు మూడు ఉన్న ఫైలును నేను లీగల్ నోటీసులు మాత్రమే ఉన్న లావుపాటి ఫైలు కన్నా ఎక్కువగా నమ్ముతాను.

అపోహ: "లోపం ఉందని తేలితే కొత్త ఏసీ ఇవ్వాల్సిందే."

వాస్తవం: వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 39 కింద లోపాన్ని సరిచేయమని, వస్తువును మార్చమని, డబ్బు వడ్డీతో వాపసు ఇమ్మని, నష్టపరిహారం, ఖర్చులు చెల్లించమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. వాటిలో ఏది ఇవ్వాలన్నది సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైనప్పుడు మొత్తం కారునే మార్చమనడం సరికాదని చెప్పింది. ఏసీ కేసుల్లోనూ కంపెనీలు ఆ తీర్పునే చూపిస్తాయి. కాబట్టి మొత్తం యంత్రాన్ని మార్చమని అడిగేవారు అది ఒక భాగం పాడవడం కాదని, ఎన్ని మరమ్మతులు చేసినా పోని తయారీ లోపమని నిరూపించవలసి ఉంటుంది.

పరీక్ష లేకుండా తేలని లోపాలను తగిన ప్రయోగశాలకు పంపించే ఏర్పాటు సెక్షన్ 38లో ఉంది. దానికయ్యే రుసుమును ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. గోడకు బిగించిన ఏసీని ప్రయోగశాలకు మోసుకుపోవడం కుదరని పని కాబట్టి, అడ్వకేట్ కమిషనర్‌ను (కమిషన్ తరఫున చూసి వచ్చే న్యాయవాదిని), సాంకేతిక నిపుణుడిని ఇంటికి పంపి నివేదిక తెప్పించమని కోరడం మంచి పద్ధతి. ఈలోగా ఎండ భరించలేక బయటి మెకానిక్‌తో బాగుచేయిస్తే సాక్ష్యం మాయమవుతుంది, పైగా వస్తువును మార్పు చేశారన్న వాదన కంపెనీకి దొరుకుతుంది. బాగుచేయించక తప్పదనుకుంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం దగ్గర ఉంచుకోండి. తీసేసిన పీసీబీనో కాయిల్‌నో పాత సామాను వాడికి మాత్రం ఇచ్చేయకండి.

అపోహ: "వారంటీ అయిపోయింది కాబట్టి ఇక చేసేదేమీ లేదు."

వాస్తవం: వారంటీ గడువు వేరు, ఫిర్యాదుకు కాలపరిమితి వేరు. సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు కమిషన్‌కు వెళ్లాలి. వారంటీలో ఉండగానే మొదలై, పదేపదే మరమ్మతు చేసినా పోని లోపం మీద వారంటీ ముగిశాక కూడా ఫిర్యాదు వేయవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ, "నోటీసు మీద నోటీసు పంపుతూనే ఉన్నాం" అన్నది ఆ కారణం కిందకు రాదు. ఎన్ని నోటీసులు పంపినా గడువు పెరగదు.

అపోహ: "బిల్డరు ఇచ్చిన వాటికి బిల్డరుకు సంబంధం లేదు, ఏసీ కంపెనీనే అడగాలి."

వాస్తవం: హైదరాబాద్ పడమటి వైపు కొత్త అపార్టుమెంట్లలో ఇప్పుడు తరచుగా వస్తున్న తగాదా ఇదే. ఏసీ యజమాని కొన్నది, రాగి గొట్టాలూ నీళ్లు పోయే పైపూ మాత్రం బిల్డరు ముందే గోడలో పెట్టి ప్లాస్టరింగ్ చేసినవి. గ్యాస్ పోతోందని పిలిస్తే, గోడలో గొట్టం తమది కాదని ఏసీ కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఇళ్ల నిర్మాణం, అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం సెక్షన్ 14(3) ఇక్కడ అక్కరకొస్తుంది. ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ, సేవల ఏర్పాటులో గానీ లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో అదనపు డబ్బు తీసుకోకుండా సరిచేయాలని, లేకపోతే పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. ఆ 5 ఏళ్లు పిల్లర్లకు, శ్లాబుకు మాత్రమేనని బిల్డర్లు చెప్పే మాటకు చట్టంలో ఆధారం లేదు. అయితే మీ అగ్రిమెంటులోని స్పెసిఫికేషన్లలో "ఏసీ పాయింట్లు" అని మాత్రమే ఉందా, "రాగి గొట్టాలతో సహా" అని ఉందా చూసుకోండి, వాదన సగం అక్కడే తేలుతుంది. ఆ చట్టం కింద ఏర్పడిన రెరా సంస్థకు వెళ్లే వీలుంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లకూడదన్న వాదనను 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

అపోహ: "ఓల్టేజి వల్ల కాలిపోయిందని కంపెనీ రాసిచ్చింది కాబట్టి కేసు లేదు."

వాస్తవం: రాసిచ్చినంత మాత్రాన రుజువైనట్టు కాదు. ఏ రోజు ఎంత ఓల్టేజి కొలిచారో ఆ కాగితంలో ఉందా? అదే లైను మీద మీ ఇంట్లో ఫ్రిజ్, టీవీ, పక్క ఫ్లాట్ల ఏసీలు బాగానే ఉన్నాయా? నిజంగానే కరెంటు హద్దులు దాటి వచ్చిందనుకుంటే, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చేసిన ఫిర్యాదు నంబరుతో డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ)లోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే హక్కును 2003 నాటి విద్యుత్ చట్టం సెక్షన్ 42 ఇచ్చింది. స్టెబిలైజర్ తప్పనిసరి అని వారంటీలో ఉండి, మీరు పెట్టుకోకపోతే మాత్రం కంపెనీ మీద కేసు బలహీనపడుతుంది.

గీజర్ల విషయంలో ఓల్టేజి స్థానంలో బోరు నీళ్లు వస్తాయి. ఉప్పు నీళ్ల వల్ల ట్యాంకు తుప్పు పట్టిందని, ఆనోడ్ రాడ్ మార్పించుకోలేదని కంపెనీ అంటుంది. ఆనోడ్ రాడ్ తాను తుప్పు పడుతూ ట్యాంకును కాపాడే కడ్డీ కాబట్టి దాన్ని కొంతకాలానికి మార్చవలసిందే. కానీ ఆ సంగతి మాన్యువల్‌లో ఉందా, సర్వీసుకు వచ్చిన టెక్నీషియన్ దాన్ని విప్పి చూసి ఎప్పుడైనా రాశాడా అన్నది మనం అడగవలసిన ప్రశ్న. నీటి పరీక్ష నివేదిక ఒకటి తీయించి పెట్టుకుంటే ఆ వాదన నిలుస్తుందో లేదో ముందే తెలుస్తుంది.

అపోహ: "కేసంటే వకీలు, కోర్టు ఫీజు, కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి తిరగడం."

వాస్తవం: మూడూ తప్పే. మీ వాదన మీరే వినిపించుకోవచ్చు. వస్తువుకు మీరు చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, నష్టపరిహారం ఎంత అడిగినా లెక్కలోకి వచ్చేది చెల్లించిన ధరే. మీరు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచీ వేయవచ్చు. బిల్లు మీద వేరే ఊరి కోర్టు పేరు అచ్చువేసి ఉన్నా వెనకడుగు వేయనక్కరలేదు. లీగల్ నోటీసు కూడా చట్టం విధించిన షరతు కాదు గానీ పంపడం మంచిది, ఎందుకంటే జవాబు రాకపోవడమూ ఒక సాక్ష్యమే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు గురించి ఒక్కమాట. బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమే అనుచిత వాణిజ్య విధానం.

అపోహ: "ఏసీ పాడైతే ప్రొడక్ట్ లయబిలిటీ కింద లక్షల్లో పరిహారం వస్తుంది."

వాస్తవం: వినియోగదారుల రక్షణ చట్టంలోని ప్రొడక్ట్ లయబిలిటీ (ఉత్పత్తి బాధ్యత) అధ్యాయం వస్తువు వల్ల కలిగిన హాని గురించి చెబుతుంది. అవుట్‌డోర్ యూనిట్‌లో మంటలు లేచి కిటికీ, పరుపు కాలిపోయినా, గీజరు పేలి మనిషి గాయపడినా అది వర్తిస్తుంది. చట్టమే ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఆ వస్తువుకే కలిగిన నష్టం "హాని" కిందకు రాదు. చల్లబరచని ఏసీకి పైన చెప్పిన లోపం, సేవాలోపం అనే దారులే ఉన్నాయి. మానసిక వేదన కింద లక్షలు అడిగిన ఫిర్యాదుల్లో కమిషన్లు చాలాసార్లు వేలతోనే సరిపెడతాయి, అందుకే అంకె పెంచడం మీద కన్నా ధర వాపసు మీద, వడ్డీ మీద, చేసిన ఖర్చుల రసీదుల మీద దృష్టి పెట్టమంటాను.

అపోహ: "ఆర్డరు వచ్చినా కంపెనీ లెక్కచేయదు."

వాస్తవం: లెక్కచేయకపోతే ఏం చేయాలో వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది, వాడుకునేవారే తక్కువ. జిల్లా కమిషన్ ఆదేశం మీద కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయాలంటే 45 రోజుల్లో చేయాలి, చెల్లించమన్న మొత్తంలో సగం ముందే జమ కట్టాలి. అప్పీలుకూ వెళ్లక, ఆదేశాన్నీ పాటించకపోతే సెక్షన్ 71 కింద అమలు పిటిషన్ వేసి సివిల్ కోర్టు డిక్రీలా వసూలు చేయించవచ్చు. దానితోపాటు సెక్షన్ 72 కింద కూడా పిటిషన్ వేయవచ్చు. ఆ సెక్షన్ కింద నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 25,000 రూపాయలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సెక్షన్ 72 కింద సమన్లు అందాక చెక్కు పట్టుకుని వచ్చిన ప్రతివాదులను నేను చూశాను. కాబట్టి ఆర్డరు కాపీ చేతికి వచ్చిన రోజు నుంచి 45 రోజులు లెక్కపెట్టుకుని, ఆ గడువు దాటిన వెంటనే అమలు పిటిషన్ దాఖలు చేయండి.