టర్బో బండి వదిలే ఊపిరి

మా బావది దేవరకొండ దగ్గర ఒక పల్లె. పోయిన ఎండాకాలం తన టర్బో డీజిల్ కారేసుకుని నల్లగొండ వచ్చి, ఇంకా సరిగ్గా కూర్చోనైనా లేదు, ఫోన్ తీసి ఒక అల్యూమినియం డబ్బా ఫొటో చూపించాడు. "ఇది పెట్టిస్తే ఇంజన్ల మడ్డి పట్టదంట, పికప్ గూడ పెరుగుతదంట, నిజమేనా బామ్మర్దీ?" ఆ డబ్బాని క్యాచ్ క్యాన్ అంటారు, ఇంజన్ వదిలే ఊపిరితో వచ్చే ఆయిల్‌ని పట్టి ఆపడం దాని పని. మడ్డి మాట కొంత నిజం, పికప్ మాట ఉత్తదే అన్నాను. ఎందుకని అడిగాడు, అక్కడ మొదలైంది కథ.

ట్రాక్టర్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి చెప్పడం తేలిక. పాత ట్రాక్టర్ ఇంజన్ పక్కన కిందికి వేలాడే ఒక పైపు, దాని కొసకి ఎప్పుడూ ఒక నల్ల చుక్క ఉంటుంది కదా, అదే బ్రీదర్ పైపు. సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే ఒత్తిడి అంతా పిస్టన్‌ని తోయడానికే పోదు. రింగుల సందుల్లోంచి కొంత పొగ కిందికి, క్రాంక్ తిరిగే ఆయిల్ గదిలోకి జారుకుంటుంది. షోరూం నుంచి నిన్న బయటికొచ్చిన బండిలో కూడా ఇది కొద్దిగా ఉంటుంది. రింగులు అరిగితే ఎక్కువవుతుంది, అప్పుడు మన మెకానిక్‌లు "బ్యాక్ కంప్రెషన్ కొడుతుంది" అంటారు. టర్బో అంటే గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోసే పంకా, అది ఉన్న బండిలో సిలిండర్ ఒత్తిడే ఎక్కువ కాబట్టి ఈ జారుడూ ఎక్కువే. అలా జారిన దాంట్లో మసి, కాలని ఇంధనం, నీటి ఆవిరి ఉంటాయి. నీరెక్కడిది అంటారేమో, ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది, డీజిల్ కూడా అంతే. ఇవన్నీ లోపల చిలుకుతున్న ఆయిల్ తుంపరని కూడా కలుపుకుని బయటికి దారి వెతుక్కుంటాయి.

దారి ఇవ్వకపోతే సీళ్ళు తన్నుకుని బయటికొస్తాయి. అందుకే ఒకప్పుడు కార్లలో కూడా ట్రాక్టర్‌లాగే పైపు పెట్టి రోడ్డు మీదికి వదిలేసేవాళ్ళు. ఆ తర్వాత లాస్ ఏంజిల్స్ మీద కమ్మే పొగమంచులో వాహనాల పాత్ర ఎంతో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాక, 1960ల మొదట్లో కాలిఫోర్నియా కార్లతో మొదలై ఆ పైపుని ఇంజన్ గాలి దారికే తిప్పారు. అంటే ఇంజన్ వదిలిన ఊపిరిని మళ్ళీ దానిచేతే పీల్పించి కాల్చేయడం.

మామూలు పెట్రోల్ ఇంజన్‌లో ఇది సులువు. గాలిని అదుపుచేసే థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో, పీల్పు ఉంటుంది, ఒక చిన్న వాల్వు గుండా అదే లాక్కుంటుంది. టర్బో వచ్చాక ఇదంతా తిరగబడింది. యాక్సిలరేటర్ తొక్కగానే అదే మానిఫోల్డ్‌లో పీల్పు పోయి తోపు వస్తుంది, వాల్వు మూసుకోకపోతే టర్బో గాలి నేరుగా ఆయిల్ గదిలోకి దూరుతుంది. అందుకని రెండో దారి పెడతారు, ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య ఉండే పైపులోకి. టర్బో గట్టిగా లాగేటప్పుడు అక్కడ కొంచెం పీల్పు ఉంటుంది. డీజిల్‌లో అసలు మానిఫోల్డ్ పీల్పు మీద ఆధారపడే అవకాశమే తక్కువ, కాబట్టి ఎక్కువ బండ్లలో ఉన్నది ఈ టర్బో ముందు దారే. టర్బో నొక్కిన వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు విప్పితే కనపడే ఆ జిడ్డు ఇలా వచ్చిందే. కొద్దిగా ఉంటే కంగారు పడక్కర్లేదు.

బావ బండికి అంతకు ముందే ఒక దెబ్బ తగిలింది. ఇంటర్‌కూలర్ నిండా ఆయిల్ కనపడితే ఒక గ్యారేజీలో టర్బో పోయిందని చెప్పి కొత్తది వేశారు, నాలుగు నెలలకి మళ్ళీ అదే ఆయిల్. రెండోసారి చూసిన మెకానిక్ ముసలాయన టర్బో జోలికే పోలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి పాలిథిన్ కవర్ ముక్క పెట్టాడు. అది లోపలికి అంటుకోవాల్సింది పోయి బుడగలా పైకి లేచింది. "టర్బోది ఏం తప్పు లేదు సార్, ఊపిరాడ్తలేదు దీనికి" అన్నాడు. వాల్వ్ కవర్‌లో ఆయిల్‌ని వేరుచేసే చిన్న గది మడ్డితో పూడిపోయింది, అంతే. టర్బోలోంచి ఆయిల్ ఏ పంపూ లేకుండా తన బరువుతోనే కిందికి దిగుతుంది, కింద గదిలో ఒత్తిడి నిండి ఉంటే దిగలేక నిలబడి, సీలు పక్కనుంచి గాలి పైపుల్లోకి కారుతుంది. నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరిగే షాఫ్ట్ అది, అక్కడ రబ్బరు సీలు నిలవదు, సన్నటి రింగే దిక్కు. ఒక పూడిన దారికి ఒక టర్బో ఖరీదు కట్టించారు బావతో.

ఇప్పుడు డబ్బా సంగతి. కళ్ళంలో వడ్లు తూర్పారబట్టడం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు, గింజ బరువుకి కింద పడుతుంది, తాలు గాలితో పోతుంది. క్యాచ్ క్యాన్‌లోనూ గాలి వంపు తిరిగేచోట ఆయిల్ చుక్క తిరగలేక గోడకి కొట్టుకుని కిందికి జారుతుంది. కానీ ఆ తుంపరలో సన్నటి చుక్కలు తాలుకన్నా తేలిక, గాలి ఎటు తిరిగితే అటే పోతాయి. వాటిని ఆపాలంటే లోపల జాలీ, అడ్డుపలకలు ఉండాలి. చవకగా దొరికే వాటిలో చాలా వరకు ఉత్త ఖాళీ డబ్బాలే, అందంగా ఉంటాయి, అంతకుమించి ఏమీ చేయవు. డీజిల్‌లో ఈజీఆర్ (ఇంజన్ పొగలో కొంత మళ్ళీ గాలి దారిలోకి తిప్పే ఏర్పాటు) నుంచి వచ్చే మసి ఈ ఆయిల్ తడికి అతుక్కునే మానిఫోల్డ్‌లో మడ్డి పేరుకుంటుంది. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చల్లే పెట్రోల్ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల్ని కడిగే పెట్రోలు ఉండదు, అక్కడ కూడా కార్బన్ గట్టిపడుతుంది. అక్కడ మంచి డబ్బా నిజంగా పనికొస్తుంది. పెట్టేటప్పుడు కంపెనీ పైపు లావుకి తగ్గకూడదు, మామూలు నీళ్ళ పైపు అసలే వద్దు, వేడి ఆయిల్‌కి మెత్తబడి పీల్పుకి చప్పిడైపోతుంది. పైపు చప్పిడైతే కథ మళ్ళీ పూడిన దారి దగ్గరికే వస్తుంది.

డబ్బాని ఖాళీ చేయడం మర్చిపోతే? నిండిపోయిన డబ్బాలోంచి ఆయిల్ ఒక్కసారిగా డీజిల్ ఇంజన్‌లోకి వెళ్తే అది దాన్నే ఇంధనంగా కాల్చుకుని పరుగెత్తుతుంది, తాళం తీసినా ఆగదు, గాలి మూస్తే తప్ప.

కొందరు ఇంత తిప్పలెందుకని బ్రీదర్ పైపు ఊడబెరికి దానికి ఒక చిన్న ఫిల్టర్ తగిలించి వదిలేస్తారు. లోపలికి వెళ్ళే గాలిని కొలిచే ఎయిర్ మీటర్ ఉన్న పెట్రోల్ బండిలో లెక్కలోకి రాని గాలి దూరి ఐడ్లింగ్ వణుకుతుంది, ఏసీ వేస్తే క్యాబిన్‌లోకి ఆయిల్ కంపు. పైగా అది కాలుష్య నిబంధనలకి విరుద్ధం, వాహనంలో మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎలాగూ ఉంది.

డబ్బాతో పాటు ఓపెన్ ఫిల్టర్, అంటే పెట్టె లేకుండా బానెట్ కింది గాలినే నేరుగా పీల్చే ఎయిర్ ఫిల్టర్ కూడా పెట్టిస్తానన్నాడు బావ. అక్కడ మాత్రం గట్టిగా వద్దన్నాను. మే నెలలో నల్లగొండలో బయటే 45 డిగ్రీలు, బానెట్ కింద తేలిగ్గా 65 ఉంటుంది. ఆ ఇరవై డిగ్రీల తేడాకే గాలి సాంద్రత ఆరు శాతం తగ్గుతుంది. 45 డిగ్రీల గాలిని టర్బో రెండింతల ఒత్తిడికి నొక్కితే, నష్టాలేమీ లేవనుకున్నా దాదాపు 115కి చేరుతుంది, నిజానికి ఇంకా ఎక్కువే. ఇంటర్‌కూలర్ దాన్నే చల్లార్చలేక చస్తుంటే ఇంకా వేడి గాలి పట్టించడమేంటి? కంపెనీ వాడు ముందు గ్రిల్ దగ్గరికి ముక్కు పెట్టింది ఇందుకే. ఓపెన్ ఫిల్టర్‌తో వచ్చే ఆ బుస్ బుస్ చప్పుడు విని బలం పెరిగిందనుకుంటారు, నాకైతే ఒకప్పుడు ఆ చప్పుడు ఇష్టమే, అది వేరే సంగతి.

అసలు భయం దుమ్ము. మన దిక్కు గ్రానైట్ నేల, క్వారీ లారీలు, మిర్యాలగూడ వైపు పోతే రైస్ మిల్లుల ఊక. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ మామూలు ఇనుము కన్నా గట్టిది. సరిగ్గా ఆపని ఫిల్టర్‌లోంచి ఆ దుమ్ము టర్బో రెక్కలు దాటి సిలిండర్‌లో దిగితే రింగుల్ని ఆకురాయిలా రాకుతుంది. రింగులు అరిగితే బ్యాక్ కంప్రెషన్, దాంతో బ్రీదర్‌లో ఆయిల్, అప్పుడు డబ్బా ఎంత పెద్దది పెట్టినా చాలదు.

చివరికి బావ కాగితం ఫిల్టరే ఉంచి, జాలీ ఉన్న డబ్బా ఒకటి టర్బో వేడికి దూరంగా బిగించాడు, పైపు రెండో కొస మళ్ళీ టర్బో ముందుకే. సంక్రాంతికి వచ్చినప్పుడు విప్పి చూశాం. అడుగున పాలు ఎక్కువైన కాఫీలా చిక్కటి ద్రవం, ఇంజన్‌లో నీళ్ళు కలిశాయని హడలిపోయాడు. చలికి ఆవిరి నీరై ఆయిల్‌తో చిలికితే అలాగే అవుతుందని చెప్పి, రేడియేటర్‌లో కూలెంట్ మట్టం చూపించాక గానీ నమ్మలేదు. మేలో విప్పితే నల్లటి ఆయిలే ఉంది, రెండు చెంచాలు.