సోమశిల మీద బాంబు పడితే నెల్లూరు మునుగుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

2025 మే నెలలో దేశమంతా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్స్ జరిగిన వారం నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "సార్, ఎగువన పెన్నా మీదున్న సోమశిల డ్యాము మీద బాంబేస్తే మన నెల్లూరు గతేంటి?" నా సర్వీసులో సగం పెన్నా పొర్లుకట్టల మీదే గడిచింది కాబట్టి అడగడంలో తప్పులేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

అపోహ: బాంబు పడిందంటే నది ఒడ్డు ఊరు మునిగినట్టే.

వాస్తవం: ఊరిని ముంచేది బాంబు కాదు. గండి పూడ్చేలోపు వచ్చే నీళ్లు. దీనికి లండన్‌ని మించిన ఉదాహరణ లేదు. అక్కడి థేమ్స్ నదిలోకి సముద్రం పోటు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు నది మట్టం ఒడ్డునున్న చాలా వీధుల కంటే ఎత్తు. మధ్యలో ఉన్నది గోడ ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధంలో 1940-45 మధ్య ఆ గోడకి 121 సార్లు దెబ్బ తగిలింది. అయినా నగరం మునగలేదు.

ఎందుకంటే ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య పన్నెండు గంటల పైచిలుకు టైముంటుంది. నీళ్లు దిగిన ఆ కాస్త వ్యవధిలో గండి మూసేస్తే గెలిచినట్టే. లండన్ కౌంటీ కౌన్సిల్ చీఫ్ ఇంజనీరు పియర్సన్ ఫ్రాంక్ యుద్ధాన్ని ఈ లెక్కతోనే చూశాడు. గ్రీనిచ్, సదర్క్, బాటర్సీ, చెల్సీలలో నాలుగు డిపోలు పెట్టి, మనుషుల్నీ సామాన్నీ ఎప్పుడంటే అప్పుడు కదిలేలా ఉంచాడు. బలహీనంగా ఉన్న చోట గోడ వెనక రెండో కట్ట కూడా వేయించాడు. మా భాషలో రింగ్ బండ్. ముందు గోడ పోయినా నీళ్లు అక్కడ ఆగుతాయి. ఈ పనంతా గుట్టుగా సాగింది. గోడ ఎక్కడ బలహీనమో తెలిస్తే శత్రువు రెండోసారి అక్కడే వేస్తాడు కదా. అందుకే ఆయన పేరు చాలాకాలం జనానికి తెలియలేదు.

అపోహ: ఇసుక బస్తాలు వేస్తే చాలు, ఎవరైనా వేయొచ్చు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బస్తా మూతిదాకా కూరి తాడు బిగిస్తే గుమ్మడికాయలా తయారవుతుంది. గుమ్మడికాయలు పేర్చి నీళ్లాపిన వాళ్లెవరూ లేరు. సగానికి కొంచెం పైన నింపాలి, మూతి మడిచి కిందికి పెట్టాలి, మీద కాలితో తొక్కి పరచాలి, పై వరస ఇటుకల్లా కీలు తప్పించి వేయాలి. లోపల వట్టి ఇసుకే ఉంటే నీళ్లు ఊరుతూనే ఉంటాయి. రేగడో బంకమన్నో దొరికితే వదలకూడదు. ఆ మట్టిని కట్ట పాదం దగ్గరే తవ్వి, కట్టనే బలహీనం చేసేవాళ్లున్నారు, వాళ్లకి దండం.

2021 నవంబరులో సోమశిల నుంచి అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు ఒక రాత్రంతా కట్ట మీదే ఉన్నాను. అవతలి వాలులో అరచేయంత చోట నీళ్లు ఉబుకుతున్నాయి. కట్ట కాపలా చూసే లస్కరు టార్చి వేసి, ఆ నీళ్లు గ్లాసుతో పట్టి చూపించాడు. తేటగా ఉన్నంతసేపు కాపలా కాస్తే చాలు. గ్లాసు అడుగున మట్టి కనపడిందంటే లోపల కట్ట కరుగుతున్నట్టు. మా గ్లాసులో మట్టి కనపడింది. ఊట నోరు మూయకూడదు, మూస్తే పక్కన పగులుతుంది. చుట్టూ బస్తాలతో బావి గట్టులా కట్టి, నీళ్లు ఎత్తుకు నిలిచేలా చేస్తే ఊట జోరు తగ్గుతుంది. అలా కడదామని గోడౌను తెరిస్తే ప్లాస్టిక్ సంచులు ఎండకి మగ్గి చేతిలో పేలికలైపోయాయి. ఊళ్లో రైసు మిల్లుల వాళ్లు గోతాలు పంపబట్టి ఆ రాత్రి గడిచింది. పియర్సన్ ఫ్రాంక్ డిపోల విలువ నాకు తెలిసింది అప్పుడే.

అపోహ: ఒక్క బాంబుతో ఎంత డ్యామయినా బద్దలవుతుంది.

వాస్తవం: 1943 మే 16-17 రాత్రి బ్రిటిష్ విమానాలు జర్మనీలో మోనే, ఎడర్ డ్యాములను పగలగొట్టిన మాట నిజమే. దానికి నీటి మీద గెంతుతూ వెళ్లే బాంబును ప్రత్యేకంగా తయారు చేయాల్సి వచ్చింది. రిజర్వాయర్లు దాదాపు నిండుగా ఉన్న రోజులు చూసుకున్నారు. ఆ వరదలో సుమారు 1,600 మంది పోయారు. అయితే అదే రాత్రి సోర్పె అనే మట్టి డ్యాముకీ బాంబులు తగిలాయి. అది నిలబడింది.

మట్టికట్ట పేలుడును ఓర్చుకుంటుంది. పైనుంచి పొర్లే నీటిని ఓర్చుకోలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది, బాంబుతో పనిలేకుండానే. ఒంగోలు వైపు వాళ్లకి గుండ్లకమ్మ తెలుసు: 2022లో ఒక గేటు, 2023లో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. సోమశిల నిండా నిండితే 78 టీఎంసీలు. నా టెన్షనంతా గేట్ల గొలుసులు, గ్రీజు, కరెంటు పోతే జనరేటరు, గేటు పోతే దాని చోట నీళ్లకి అడ్డంగా దించే స్టాప్‌లాగు పలకలు సిద్ధంగా ఉన్నాయా అన్నదాని మీదే. ఆకాశం వైపు చూసే తీరిక నాకెప్పుడూ లేదు.

అపోహ: డ్యాముల జోలికి పోకూడదని అంతర్జాతీయ చట్టముంది, భయం లేదు.

వాస్తవం: చట్టముంది. 1977 జెనీవా అదనపు ప్రొటోకాల్‌లో 56వ అధికరణం. మన దేశం అందులో చేరలేదు. 2023 జూన్ 6న యుద్ధం మధ్యలో ఉక్రెయిన్‌లోని కఖోవ్కా డ్యాము తెగినప్పుడు ఆ కాగితం నీళ్లను ఆపలేదు.

అపోహ: ఇదంతా యుద్ధమొస్తే చూసుకోవాల్సిన సంగతి.

వాస్తవం: లండన్‌లో 1928 జనవరిలో ఒక్క బాంబూ లేకుండానే గోడ తెగి 14 మంది మునిగిపోయారు. పై నుంచి మంచు కరిగిన నీళ్లు, కింద నుంచి సముద్రపు ఉప్పెన, రెండూ ఒకేసారి కలిశాయి. మన తీరంలో తుఫాను రోజుల్లో జాలర్లు "సముద్రం నీళ్లు తీసుకోవట్లేదు" అంటారే, అదే ఇది. 1938లో యుద్ధ భయంతో లండన్ వాళ్లు నది కింద రైలు సొరంగాలకి కాంక్రీటు అడ్డం పోశారు, తర్వాత ఉక్కు గేట్లు పెట్టారు. మనకి గట్టి వాన పడితే చాలు, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో బస్సు ఆగిపోతుంది. 2021లో పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ కోసుకుపోయాయి.

అన్నట్టు, సోమశిల గురించి నాకు ఫోన్ చేసినవాళ్లలో ఇద్దరి ఇళ్లు పొర్లుకట్ట వాలు మీదే ఉన్నాయి. ఒకాయన కట్టని తొలిచి బైకు పెట్టుకోవడానికి షెడ్డు వేశాడు. పోయిన వారం వెళ్లి చూశాను, మెట్లకి గ్రానైటు కూడా పరిచాడు.