పూత విరగబూస్తుంది, పిందె నిలవదు: పెరటి జాజికాయ చెట్టుపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో కొబ్బరి నీడన, పెరట్లో జాజికాయ పెట్టినవాళ్లు మా నర్సరీకి వచ్చి తరచూ అడిగేది ఒకటే: “ఏడేళ్లు పెంచామండీ, పూత బాగా వస్తుంది, ఒక్క పిందె కూడా నిలవదు. ఏ మందు కొట్టమంటారు?”

మందు సంగతి తర్వాత. ముందు ఒక పువ్వు కోసి చూడండి.

అపోహ: పూత వచ్చి కాయ రాలేదంటే అది తెగులే.

వాస్తవం: తాటిలో, బొప్పాయిలో లాగే జాజికాయలోనూ పోతు చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గింజ నాటితే సుమారు సగం పోతువే వస్తాయి. పోతు పువ్వులు సన్నగా, గుత్తులుగా పూస్తాయి. ఆడ పువ్వు కాస్త బొద్దుగా ఉండి, ఒంటరిగానో రెండు మూడు కలిసో వేలాడుతుంది. గోటితో నిలువుగా చీల్చండి. లోపల బుల్లి పిందె ఉంటే ఆడది. పుప్పొడి అంటిన సన్నని కాడ మాత్రమే ఉంటే పోతుది. ఈ చిన్న పని చేయక, పోతు చెట్టుకు ఏళ్ల తరబడి మందులు కొట్టిన వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

పోతుదని తేలినా నరికేయకండి. కొమ్మలు కొట్టి, కొత్త చిగుళ్ల మీద ఆడ అంటు కట్టించి మార్చుకోవచ్చు.

అపోహ: ఆకు, గింజ ఆకారం చూసి నారులోనే ఆడో పోతో చెప్పొచ్చు.

వాస్తవం: నమ్మకండి. తొలి పూతకు 5 నుంచి 8 ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా చూసి చెప్పలేం. కాసే చెట్టు నుంచి కట్టిన అంటు అడిగి తీసుకోండి. అయితే ఆడ అంటు ఒక్కటే పెడితే చాలదు, దగ్గర్లో పోతు చెట్టూ ఉండాలి. తోటలో 10 ఆడ చెట్లకు ఒకటి సరిపోతుంది. పెరట్లో చోటు లేకపోతే ఆడ చెట్టుకే ఒక పోతు కొమ్మ అంటు కట్టించండి.

అపోహ: తేనెటీగలు రావట్లేదు కాబట్టే కాయ లేదు.

వాస్తవం: ఈ పువ్వు రాత్రిపూట విచ్చుకుంటుంది. పుప్పొడి మోసేవి ముఖ్యంగా చీమల్లా కనిపించే చిన్న పెంకు పురుగులు. పూత మీద పురుగులున్నాయని మందు కొడితే చచ్చేది అవే. దయచేసి పూత సమయంలో ఆ పని చేయకండి.

లవంగం, దాల్చినచెక్క పెట్టినవాళ్లకు ఈ టెన్షన్ లేదు. దాల్చినలో మనకు కావాల్సింది బెరడు. లవంగమంటే విచ్చుకోని మొగ్గ, దానికి జంట చెట్టు వెతకక్కర్లేదు.

జాజికాయలో పూత నుంచి కాయ పండటానికి సుమారు 9 నెలలు. పచ్చిగా కోయకండి. కాయ పగిలి లోపలి ఎర్రటి జాపత్రి కనబడే దాకా ఆగండి.