చెరువు నిండింది, అలుగు ఇంకా దుంకలేదు

దేవరకొండ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "పరగడుపున షుగర్ 112 వచ్చింది. ప్రీ డయాబెటిస్ అన్నారు. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటున్నా. అయినా దిగట్లేదు, ఎందుకు సార్?"

పరగడుపున 100 నుంచి 125 వరకు ప్రీ డయాబెటిస్ అని ల్యాబ్ కాగితం మీదే రాసి ఉంటుంది. నన్ను ఆశ్చర్యపరిచే లెక్క వేరే ఉంది. మన ఒంట్లో రక్తం దాదాపు అయిదు లీటర్లు. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున అందులో తిరిగే చక్కెర మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా. 112 అంటే 5.6 గ్రాములు. నాలుగు చపాతీల్లో పిండిపదార్థం అరవై గ్రాముల పైమాటే. చెంచాడు పట్టే చోటికి అంత వస్తే ఎక్కడికి పోవాలి?

పానగల్లు ఉదయసముద్రం లాంటి చెరువును తలచుకోండి. రక్తం చెరువు, తిండి పైనుంచి వచ్చే వరద, కండరాలు ఆయకట్టు. తూము ఎత్తి నీళ్లు వదిలే నీరటి ఇన్సులిన్. ప్రీ డయాబెటిస్‌లో నీరటి వస్తాడు, తూము మాత్రం సగమే లేస్తుంది. కండర కణాల్లో పేరుకున్న కొవ్వు ఇన్సులిన్ కబురును లోపలికి సరిగా చేరనివ్వదు. అప్పుడు ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమం ఒక్కడు చేసే పనికి నలుగురిని పంపుతుంది. కొన్నేళ్లకు పంపీ పంపీ అలసిపోతుంది. ఇంత జరుగుతున్నా మనకేమీ తెలియదు, ఎందుకంటే అలుగు ఎత్తు 180 దగ్గర ఉంది. రక్తంలో చక్కెర ఆ ప్రాంతం దాటితేనే కిడ్నీలు మూత్రంలోకి వదులుతాయి, అతిమూత్రం, దాహం మొదలవుతాయి. 112 అంటే చెరువులో నీళ్లు పైకెక్కుతున్నాయి, అలుగు ఇంకా దుంకలేదు.

పరగడుపు అంకెకు ఇంకో వాగు ఉంది: కాలేయం. మనం నిద్రపోతుంటే అది రాత్రంతా చక్కెర వదులుతూనే ఉంటుంది. దాన్ని ఆపాల్సిందీ ఇన్సులినే. ఆ మాట కాలేయమూ వినకపోతే, రాత్రి ఏం తిన్నా పొద్దున చెరువు నిండే ఉంటుంది.

అసలు సంగతి ఇప్పుడు. తూము నిజానికి గ్లూట్-4 అనే ప్రొటీన్. మామూలప్పుడు కణం లోపల చిన్న తిత్తుల్లో దాగి ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి కణం మీద కబురందుకునే గ్రాహకాన్ని తాకితే పీఐ3-కైనేజ్, ఏకేటీ అనే వరుసలో సంకేతం నడిచి తిత్తులు పైపొరకు చేరతాయి. బళ్లో పాఠం ఇన్సులిన్ దగ్గరే ఆగిపోతుంది, అదే నా బాధ. కండరం ముడుచుకున్నప్పుడు కాల్షియం, ఏఎంపీ-కైనేజ్ అనే వేరే దారిలో కూడా అవే తిత్తులు పైకొస్తాయి. అంటే పొలమే తన తూము తాను ఎత్తుకుంటుంది, నీరటితో పని లేదు! మొండికేసిన మొదటి దారి ఈ దారిని అడ్డుకోదు. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజులు కండరం ఇన్సులిన్ మాట మెరుగ్గా వింటుంది. అందుకే వ్యాయామానికి వరసగా రెండు రోజులు నాగా పెట్టొద్దంటారు.

చెన్నైలో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో తిండి, నడక మార్చుకున్నవారికి షుగరు జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది. చేదు తీపిని చంపుతుందని కాకరకాయ రసం, వేపాకు మింగేవాళ్లు మా వైపు ఇంటికొకరు. రుచులు కొట్లాడుకుంటే నాలుక మీదే.

పాలమూరు జొన్న రొట్టె మంచిదే, పీచు ఉంది. అయినా మూడు రొట్టెలు లాగిస్తే పిండి పిండే. రెండు తినే చోట ఒకటే తిని, పప్పు, ఆకుకూర పెంచి, తిన్నాక పావుగంట నడవండి.

ఇంట్లో మీటరు ఉంటే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఒకే భోజనం రెండు రాత్రులు తినండి, ఒక రాత్రి కూర్చోండి, మరో రాత్రి నడవండి. మొదటి ముద్ద తిన్న గంటన్నరకు చూసుకోండి. మీటరు పదిహేను శాతం అటూ ఇటూ చూపొచ్చు కాబట్టి, నాలుగైదు అంకెల తేడాకు టెన్షన్ పడొద్దు. రక్తహీనత ఉన్నవాళ్లు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఐరన్ తక్కువైతే అది ఎక్కువ చూపిస్తుంది. ఇంకో మాట, మన నల్లగొండ బత్తాయి ఒలిచిన చేత్తో వేలు గుచ్చుకోకండి. ఆ రసపు తడి చాలు, మీటరు మిమ్మల్ని ఉన్నపళంగా షుగరు పేషెంటును చేయడానికి. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని గుచ్చండి.