మూసి ఉన్న ఫర్మ్‌వేర్‌ను ప్యాకేజీ చేయడం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఉంటూ, లినక్స్ మీద నడిచే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్‌ను సులువుగా ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన మూటలు) తయారు చేస్తుంటాను. ఆదివారాల్లో రాజాం, టెక్కలి వైపు నుంచి ఇంజినీరింగ్ పిల్లలు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులు పట్టుకుని వస్తారు. ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) గురించి వాళ్ల నోట తరచుగా వినే మాటలకే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: "నా బోర్డులో మొత్తం ఫ్రీ సాఫ్ట్‌వేరే ఉంది."

వాస్తవం: ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) చూసి, మార్చి, పంచుకునే స్వేచ్ఛ ఉన్నది. రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డుకు కరెంటు ఇవ్వగానే ముందు లేచేది మనం ప్రోగ్రాములు నడిపే ప్రాసెసర్ కాదు, వీడియోకోర్ అనే గ్రాఫిక్స్ భాగం. అది ఎస్‌డీ కార్డులోంచి బూట్‌కోడ్.బిన్ చదువుతుంది, ఆపైన స్టార్ట్.ఎల్ఫ్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి లినక్స్ కెర్నల్ వంతు ఆ తర్వాతే. ఈ రెండు ఫైళ్ల సోర్స్ కోడ్ మనకు ఇవ్వలేదు. 2019లో వచ్చిన పై 4లో మొదటి ఫైలు పని బోర్డు మీది ఈఈప్రామ్ అనే మెమరీ చిప్‌కు మారింది. అదీ మూసిన కోడే.

అపోహ: "కాపీ చేసి పెట్టడమే కదా, అందులో పనేటుంది మాస్టారూ?"

వాస్తవం: ఉన్న పనంతా ఆ కాపీలోనే ఉంది. ఈ ఫైళ్లు కార్డులో ఫ్యాట్ అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పార్టిషన్‌లో (విడి భాగంలో) ఉంటేనే బోర్డు చదవగలదు. డెబియన్‌లో ఫైళ్లు దింపే డీపీకేజీ అనే ప్రోగ్రాము మాత్రం పాత ఫైలుకు హార్డ్ లింక్ (అదే ఫైలుకు ఇంకో పేరు) పెట్టుకుని, ఆ తర్వాత కొత్తది పెడుతుంది. ఫ్యాట్‌లో హార్డ్ లింకులే ఉండవు, కాబట్టి అప్‌గ్రేడ్ అక్కడే ఆగిపోతుంది. అందుకే రాస్పీ-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ముందు ఫైళ్లను లినక్స్ భాగంలోని యూఎస్ఆర్ ఫోల్డర్ కింద పెట్టి, చివర్లో ఒక స్క్రిప్టుతో ఫ్యాట్‌లోకి కాపీ చేస్తుంది. పైగా స్టార్ట్.ఎల్ఫ్, దానికి తోడుండే ఫిక్సప్.డాట్ ఫైలు జంటగా ఒకే వెర్షన్‌వి ఉండాలి.

తుఫాను రోజుల్లో ఒక అబ్బాయి అప్‌గ్రేడ్ చేస్తుండగా కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఆకుపచ్చ లైటు నాలుగుసార్లు మెరిసి ఆగడం, మళ్లీ నాలుగుసార్లు మెరవడం. స్టార్ట్ ఫైలు దొరకలేదని దానర్థం. పాపం, ప్రాజెక్టు పోయిందని ఒకటే టెన్షన్. కార్డును నా లినక్స్ ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే యూఎస్ఆర్ కింద ఉన్న కాపీ చెక్కుచెదరలేదు. అక్కడి నుంచి తీసి ఫ్యాట్‌లో వేశాం, బోర్డు లేచింది.

అపోహ: "డబ్బు కట్టకుండా దొరుకుతోంది కాబట్టి అది ఫ్రీ."

వాస్తవం: ఆ బోర్డు చిప్ తయారుచేసే బ్రాడ్‌కామ్ కంపెనీ లైసెన్సు ఆ ఫైళ్లను పంచుకోనిస్తుంది కానీ, ఏ మార్పూ చేయకూడదు, రాస్ప్‌బెర్రీ పై కోసమే వాడాలి. 1997 నాటి డెబియన్ సామాజిక ఒప్పందం ప్రకారం ఇలాంటిది ఫ్రీ సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉండే మెయిన్ విభాగంలోకి రాదు. 2022లో డెవలపర్లు ఓటు వేసి, అవసరమైన ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చవచ్చని నిర్ణయించారు. 2023లో వచ్చిన డెబియన్ 12లో దానికి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని విడిగా ఒక విభాగం ఉంది. సిద్ధాంతం వదిలేశారని కొందరు బాధపడ్డారు. నేను అలా అనుకోను. మూసినదాన్ని మూసినదని పేరు పెట్టి విడిగా చూపిస్తున్నారు, వద్దనుకుంటే ఆపేసే వీలూ ఇన్‌స్టాలర్‌లోనే ఉంది. కొన్నవాడికి సరుకు ఏదో తెలియాలి, నాకు అదే ముఖ్యం.

అపోహ: "తప్పు దొరికితే ప్యాకేజీ చేసినవాళ్లే సరిచేస్తారు."

వాస్తవం: ఒక్క బైటు కూడా ముట్టుకోలేం. మిగతా ప్యాకేజీల్లో తప్పు కనిపిస్తే ఆ సాయంత్రమే ప్యాచ్ (సవరణ) రాయగలను. ఇక్కడ తప్పును తయారీదారుకు వివరంగా రాసి, కొత్త ఫైలు వచ్చేదాకా ఎదురుచూడాలి. అది వచ్చేలోగా నా చేతిలో ఉన్నది పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే దారి ఒక్కటే. అందుకే మీ దగ్గర బాగా పనిచేసిన పాత ప్యాకేజీ ఫైలును తీసేయకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.